గండికోట కట్టడాలు: చూడవలసిన తీరు

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల విద్యార్థులకు గండికోట కొత్త పేరు కాదు. జమ్మలమడుగుకు పడమరగా సుమారు పదిహేను కిలోమీటర్ల దూరంలో, ఎర్రమల కొండలపై నెలకొన్న ఈ దుర్గానికి ఏటా చలికాలంలో కళాశాలల విహారయాత్రలు సాగుతూనే ఉంటాయి. వెళ్ళినవారు లోయ అంచున నిలబడి సెల్‌ఫోనులో చిత్రాలు తీసుకొని, వెంట తెచ్చుకొన్న చిత్రాన్నం తిని, ప్రొద్దుగూకేసరికి తిరిగి వస్తారు. ఏమి చూచినారని అడిగితే లోయ చూచినామంటారు. లోయ చూడదగినదే, కాదనను. కాని లోయను పెన్నానది కోసింది. దాని ఒడ్డున మనుషులు కట్టినవి ఉన్నాయి. గుళ్ళు, మసీదు, రాణీమహలు, ధాన్యాగారం, చెరువు, చెరసాల, ఒకే గోడ లోపల ఇన్ని తరాల, ఇన్ని మతాల, ఇన్ని అవసరాల కట్టడాలు ప్రక్కప్రక్కన నిలిచి ఉన్న చోటు మన జిల్లాలో మరొకటి లేదు. వాటిని ఏ కన్నుతో చూడాలో, వాటిని గురించి ఏమి చెప్పుకోవాలో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

గండి అంటే కొండల నడుమ నీరు చీల్చుకొని పోయే సందు. కోటకు ఆ పేరు అందువల్లనే వచ్చింది. ఒకవైపు కొన్ని వందల అడుగుల లోతున పెన్న ప్రవహిస్తూ ఉంటే, ఆ ప్రక్క కందకంతో పని లేదు, శత్రువు ఎక్కిరాలేడు. మిగిలిన దిక్కులలో ఎర్రని రాతితో గోడ కట్టి, బురుజులు నిలిపితే చాలు. కొండరాతిని కొండమీదనే కొట్టి గోడగా పేర్చడం వల్ల, దూరం నుంచి చూచేవారికి కొండ ఎక్కడ ముగిసి కోట ఎక్కడ మొదలైందో తెలియదు. కోట స్థలం సముద్రమట్టానికి 1,670 అడుగుల ఎత్తు. పైన మాత్రం సమతలం, సాగుకు పనికివచ్చే నేల, నీటి ఊటలు. 1652లో ఈ కోటను చూచిన ఫ్రెంచి రత్నాల వర్తకుడు తవెర్నియే, కొండమీద వరి, జొన్నవంటి పైరులు పండుతున్నాయని, పైకి చేరడానికి ఒకే ఒక్క ఇరుకు దారి ఉన్నదని తన యాత్రాగ్రంథంలో వ్రాశాడు. ఆ గ్రంథం 1676లో పారిస్‌లో అచ్చయింది. మన ప్రాంతాన్ని గురించి ప్రత్యక్షంగా చూచినవాడు వ్రాసిన మాటలు గనుక దానిని ఈ వ్యాసంలో మరల మరల తలచుకోవలసి వస్తుంది.

కోట పుట్టుకను గురించి ఒక మాట. క్రీ.శ. 1123లో బొమ్మనపల్లెకు చెందిన కాపరాజు ఈ కోటను కట్టించాడని, అతడు పశ్చిమ చాళుక్యరాజు ఆహవమల్ల సోమేశ్వరునికి సామంతుడని పుస్తకాలలో, పర్యాటక పత్రాలలో ఒకరిని చూచి ఒకరు వ్రాస్తూ ఉంటారు. పరీక్షలో మన విద్యార్థులు కూడా అదే వ్రాస్తారు. ఆహవమల్లుడని పేరుగాంచిన మొదటి సోమేశ్వరుడు 1042 నుంచి 1068 వరకు రాజ్యం చేశాడు. 1123 నాటికి కల్యాణి సింహాసనంపై ఉన్నవాడు ఆరవ విక్రమాదిత్యుడు. కాబట్టి ఆ సంవత్సరం తప్పయినా కావాలి, ఆ రాజు పేరు తప్పయినా కావాలి. రెండూ కలిసి నిలువవు. కైఫియతులను కర్నల్ మెకంజీ సేకరింపజేసింది కోట పుట్టిన ఏడెనిమిది వందల ఏండ్లకు. కరణాల నోట, పాత కవిలెలలో మిగిలినదానిని అవి మనకు అందించాయి. అందుకు వాటికి ఎంతో ఋణపడి ఉన్నాము. అయినా కైఫియతు సాక్షి మాత్రమే, తీర్పు కాదు. విజయనగర కాలానికి వచ్చేసరికి కోట పెమ్మసాని నాయకుల చేతిలో ఉండడం మాత్రం సందేహం లేని విషయం. కృష్ణదేవరాయల 1520 నాటి రాయచూరు యుద్ధంలో పెమ్మసాని రామలింగనాయుడు చూపిన పరాక్రమం మన సీమలో కథగా నిలిచింది.

ఇక లోపలికి వెళ్దాము. ఇనుప మేకులు దాపిన పెద్ద కొయ్యతలుపుల ద్వారం దాటగానే ఊరు. ఇది కేవలం శిథిలాల గుట్ట కాదని, ఇప్పటికీ కొన్ని కుటుంబాలు కోటలోపలనే కాపురముంటున్నాయని విద్యార్థులు గుర్తుంచుకోవాలి. మనం చూడబోయే చరిత్ర వారికి వాకిలి. ఊరి మొదట్లోనే కనబడే చిన్న గోపురాన్ని చార్మినార్ అంటారు. హైదరాబాదు చార్మినార్‌ను తలచుకొని వెళ్ళినవారు దీనిని చూచి నవ్వుతారు. నవ్వవలసిన పని లేదు. ఇది పావురాల గోపురం. రంధ్రాల కిటికీల నడుమ పనితనం ఎంత సుకుమారంగా ఉన్నదో దగ్గరకు పోయి చూస్తేగాని తెలియదు.

నా మట్టుకు నాకు గండికోటలో అన్నిటికంటె ఎక్కువ సంగతి చెప్పే కట్టడం ధాన్యాగారం. అందరూ దానిని చివర చూస్తారు, లేదా చూడరు. శిల్పం లేదు, రంగు లేదు, కథ లేదు. కాని ఒక్కసారి లోపల నిలబడి పైకి చూడండి. కప్పు బండిగూడువలె వంపు తిరిగి ఉంటుంది. దూలం లేదు, వాసం లేదు. కొయ్య లేదు గనుక చెద పట్టదు, నిప్పు అంటదు. ఆ వంపు కప్పు బరువంతా ఇరుప్రక్కల గోడల మీదికి దిగి, వాటిని బయటికి త్రోస్తుంది; అందుకే గోడలు అంత మందం. ఆ మందం వల్లనే ఎండాకాలంలో సైతం లోపల చల్లగా ఉండి ధాన్యం చెడదు. ఒక్క అవసరం మరొక అవసరాన్ని ఎట్లా తీర్చుతున్నదో గమనించండి. పూర్వం కోటను ముట్టడించడమంటే కత్తియుద్ధం కాదు, ఓపికల పందెం. లోపలివారికి గింజలు ముందు అయిపోతాయా, బయటివారికి మేత ముందు అయిపోతుందా అన్నదే ప్రశ్న. గాదె నిండుగా, చెరువు నిండుగా ఉన్నంత కాలం గండికోటవంటి దుర్గం లొంగదు. రాయలచెరువును కూడా ఈ ధాన్యాగారంతో కలిపి చూడాలి. ఈ రెండూ లేకపోతే బురుజులు ఎన్ని ఉన్నా కోట వారం రోజులు నిలువదు. రాజుల పేర్లు బట్టీపట్టడం కంటె ఈ గాదెను, ఈ చెరువును చూచి వచ్చిన విద్యార్థికి మధ్యయుగ చరిత్ర ఎక్కువ బోధపడుతుందని నా నమ్మకం.

ధాన్యాగారానికి చేరువలోనే జామియా మసీదు. ఎత్తైన అరుగుమీద, విశాలమైన ప్రాంగణంతో, ఇరువైపుల మీనారులతో గోల్కొండ ఏలుబడి నాటి వాస్తురీతిని స్పష్టంగా చూపుతుంది. ప్రాంగణం చుట్టూ కమానుల వరుస. గచ్చుపనిలోని పూలు, ఆకులు అక్కడక్కడ రాలిపోయినా, మిగిలినవాటిలో పనివాని వ్రేళ్ళ జాడ ఇంకా తెలుస్తుంది. మిహ్రాబు ఉన్నది, మనుషుల వరుసలు లేవు. నిత్య నమాజు జరిగే మసీదు కాదిది.

మాధవరాయస్వామి ఆలయం విజయనగర రీతిది. రాతి అధిష్ఠానంపై నాలుగంతస్తుల గోపురం కోటలో ఎక్కడ నిలుచున్నా కనబడుతుంది. మండపాల స్తంభాలమీద శిల్పాలు ఒక పూట చూచినా తరగవు. ప్రాకారం లోపల కల్యాణమండపం, పాకశాల కూడా ఉన్నాయి. పాకశాల అనగానే దాటిపోకండి. ప్రసాదం వండే చోటు అంత పెద్దదంటే ఆ ఉత్సవాలకు వచ్చిన జనం ఎందరో, ఆ బియ్యం ఏ మాన్యాల నుంచి వచ్చేదో ఆలోచించండి. గర్భగుడిలో మూర్తి లేదు. రంగనాథాలయం దీనికంటె పాతది, ఎక్కువ శిథిలమైనది. రాణీమహలు చిన్న కట్టడం. రాజప్రాసాదమంటే బంగారు గోడలు ఊహించుకొన్నవారికి నిరాశ తప్పదు. సున్నపు గచ్చు, కమానులు, అంతస్తులు, అంతే.

కత్తుల కోనేరు అని మరొకటి ఉన్నది. యుద్ధం ముగిసిన తరువాత వీరులు నెత్తుటి కత్తులు కడిగితే నీరు ఎర్రబడిందని చెబుతారు. చెప్పేవారు బాగా చెబుతారు, వినడానికీ బాగుంటుంది. కాని ఈ కొండలకు ఎర్రమల అని పేరు పెట్టినవారు కత్తులను చూచి పెట్టలేదు, రాతిని చూచి పెట్టారు.

ఇప్పుడు అసలు కష్టమైన చోటికి వచ్చాము. గుడిలో మూర్తి ఎందుకు లేదని ఎవరైనా విద్యార్థి అడిగితే మనం ఏమి చెప్పాలి? మన కళాశాలలో ఈ ప్రశ్న వచ్చినప్పుడు తరగతిలో కొందరు తలవంచుకొంటారు, కొందరు ప్రక్కకు చూస్తారు. కనుక దీనిని ఇక్కడ సూటిగానే చెప్పుకొందాము.

1650లో గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా వజీరు మీర్ జుమ్లా గండికోటను పట్టుకొన్నాడు. అతని అసలు పేరు మీర్ మహమ్మద్ సయీద్. ఇరానులోని ఇస్ఫహాన్ ప్రాంతంవాడు. వజ్రాల వ్యాపారంతో దక్కనుకు వచ్చి వజీరు పదవి దాకా ఎదిగినవాడు. అప్పుడు కోటను ఏలుతున్నవాడు పెమ్మసాని చినతిమ్మానాయుడు. తవెర్నియే చెప్పిన ప్రకారం, తన కొలువులోని ఐరోపా ఫిరంగివాండ్రకు అదనంగా నాలుగు నెలల జీతం ఇస్తానని ఆశపెట్టి, మీర్ జుమ్లా నాలుగు ఫిరంగులను ఆ ఇరుకు దారిలో పైకి ఎక్కించాడు. అవి కోటపై మ్రోగిన తరువాత లోపలివారు సంధికి వచ్చారు. మన ఊళ్ళలో చెప్పుకొనే కథ వేరు. అందులో నమ్మినవాని ద్రోహం, విషం, అగ్నిప్రవేశం ఉంటాయి. ఓడినవారి వైపున పుట్టిన కథ ఓటమికి కారణం ద్రోహమని చెప్పడం లోకసహజం. గాదెలు నిండుగా ఉన్న దుర్గానికి ఓపికల పందెంలో గెలుపు ఉన్నది. కొండెక్కి వచ్చిన ఫిరంగి ముందు ఆ పందెమే లేదు.

కోట చేతికి వచ్చిన తరువాత మీర్ జుమ్లా అక్కడనే ఫిరంగులు పోత పోయించదలచాడు. క్లోద్ మాయే అనే ఫ్రెంచివాడు ఆ పనికి పూనుకొన్నాడు. నలభై ఎనిమిది పౌనుల గుండు పేల్చేవి పది, ఇరవై నాలుగు పౌనుల గుండువి పది, మొత్తం ఇరవై. అందుకు కావలసిన రాగికోసం దేవాలయాలలోని విగ్రహాలను తెప్పించాడు. గండికోటలోని ఆలయంలో ఆరు పెద్ద రాగి విగ్రహాలు ఉండేవని, వాటిలో మూడు కూర్చున్నవి, మూడు పది అడుగుల ఎత్తువని, ఎంత ప్రయత్నించినా ఆ ఆరూ కరగలేదని, పూజారులు మంత్రం వేశారని అనుమానించి మీర్ జుమ్లా వారిని బెదిరించాడని తవెర్నియే వ్రాశాడు. చివరకు ఫిరంగుల పని నెరవేరలేదు. మాయే కొలువు వదలి వెళ్ళిపోయాడు.

ఇది జరిగింది. దీనిని దాచవలసిన పని లేదు, సమర్థించవలసిన పని అంతకంటె లేదు. యుద్ధానికి రాగి కావలసి వచ్చిందని కొందరు అంటారు. కావలసి వచ్చింది నిజమే. కాని బజారులో కొన్న రాగికి, పూజలందుకొన్న రాగికి భేదం తెలియనివాడు కాడు మీర్ జుమ్లా. అతడు చేసింది అన్యాయం. అయితే ఆ అన్యాయాన్ని ఎవరి లెక్కలో వ్రాయాలన్నదే రెండవ ప్రశ్న. తనను వజీరును చేసిన గోల్కొండ సుల్తానును 1656లో విడిచి మొగలుల కొలువులో చేరినవాడు, ఆ సుల్తాను కూడా ముసల్మానే అన్న సంగతిని పట్టించుకోనివాడు, తుదకు 1663లో అస్సాం దండయాత్ర నుంచి మరలుతూ మరణించినవాడు. అతడు తనకోసం పోరాడాడు. తవెర్నియే కంటికి అతడు ఎట్లా కనబడ్డాడంటే, గుడారంలో చెప్పులు లేకుండా కూర్చొని, కాలివ్రేళ్ళ నడుమ, ఎడమచేతి వ్రేళ్ళ నడుమ ఉత్తరాలు ఇరికించుకొని, ఒక్కొక్కటి తీసి ఇద్దరు లేఖకులకు జవాబులు చెబుతూ ఉన్నాడు. గొప్ప కార్యదక్షుడే. అంతమాత్రాన ప్రొద్దుటూరు వీధిలో చీరలు అమ్ముకొనే ముసల్మాను అతని వారసుడూ కాడు, అతనికి జవాబుదారీ కాడు. మన విద్యార్థి ఎవరైనా గండికోటలో మీనారును చూచి గర్వపడి, గర్భగుడిని చూచి సిగ్గుపడితే, అతడు చూచింది తన మనస్సునే గాని కట్టడాన్ని కాదు.

ఇదే జిల్లాలో దేవుని కడప వేంకటేశ్వరస్వామికి ఉగాదినాడు ముసల్మానులు వచ్చి మొక్కులు చెల్లిస్తారు. స్వామి దేవేరి బీబీ నాంచారమ్మ తమ ఆడపడుచు అన్న నమ్మకం వారిది. కడప అమీన్ పీర్ దర్గాకు వెళ్ళే హిందువులకు లెక్కలేదు. మీర్ జుమ్లా నాటి సంగతి ఎంత నిజమో ఇవి అంత నిజం. ఒకటి చెప్పి మరొకటి మానివేయడం చరిత్ర కాదు.

పరదేశాల పురాతన కట్టడాలను చూచి రావడానికి మనలో ఎందరికో కోరిక. ఇటలీ అనగానే రోము, వెనీసు గుర్తుకు వస్తాయి. గండికోటను అర్థం చేసుకోవడానికి పనికివచ్చే ఇటలీ నగరం ఆ రెండూ కాదు, దక్షిణాన సిసిలీ ద్వీపంలో ఉన్న పలెర్మో. 831లో అరబ్బులు ఆ నగరాన్ని గెలిచారు, అక్కడి ప్రధాన చర్చి మసీదయింది. 1072లో నార్మనులు గెలిచారు, మసీదు మరల చర్చి అయింది. నేటి ప్రధాన దేవాలయం ముఖమండపంలో ఒక స్తంభంమీద ఖురాను వాక్యం చెక్కి ఉన్నది. చర్చివారు దానిని చెరపలేదు. నార్మను రాజు రెండవ రోజరు తన ప్రాసాదంలో కట్టించుకొన్న ప్రార్థనామందిరానికి గోడలమీద గ్రీకు పద్ధతి రంగురాళ్ళ చిత్రాలు, పైకప్పుకు తేనెపట్టు గూళ్ళవంటి అరబ్బు కొయ్యపని, దానిమీద అరబ్బీ అక్షరాలు. క్రైస్తవ రాజు కట్టిన మరొక భవనానికి జీసా అని పేరు. అది అజీజ్ అనే అరబ్బీ మాటకు అక్కడివారి ఉచ్చారణ. రెండవ రోజరు ఆస్థానంలోనే అల్ ఇద్రీసీ 1154లో తన భూగోళ గ్రంథాన్ని ముగించాడు. యునెస్కో 2015లో ఈ కట్టడాలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు పెట్టిన పేరులోనే అరబ్బు, నార్మను అన్న రెండు మాటలూ ఉన్నాయి. గెలిచినవారు, ఓడినవారు ఇద్దరూ అందులో ఉన్నారు.

పలెర్మోకు, గండికోటకు ఒక పెద్ద తేడా. ఆ ప్రాసాదంలో నేడు సిసిలీ శాసనసభ సమావేశమవుతుంది. చర్చిలో పూజ జరుగుతుంది. కట్టడం వాడుకలో ఉన్నది గనుక కప్పు కారితే మరునాడే ఎవరికో తెలుస్తుంది. గండికోటలో గుడికి అర్చన లేదు, మసీదుకు జమాతు లేదు, గాదెకు గింజ లేదు. పలెర్మో రేవుపట్నం, రాజులు మారినా వర్తకం ఆగలేదు. గండికోట కొండమీది కాపలా ఠాణా. హైదరలీ కాలంలో దానికి మరమ్మతులు చేసి సైన్యాన్ని ఉంచినా, 1800లో ఈ జిల్లాలు నిజాం నుంచి ఇంగ్లీషు కంపెనీకి దత్తమయిన తరువాత కాపలా కాయవలసిన సరిహద్దే లేకపోయింది. జనం క్రింది ఊళ్ళకు, బజారులకు దిగిపోయారు.

వాడుక లేని కట్టడానికి చూచేవారే దిక్కు. చూచేవారు చేస్తున్నదేమిటి? మసీదు గోడమీద, మాధవరాయ స్తంభాలమీద పేర్లు. ఒక పేరు, బాణపు గుర్తు, మరొక పేరు, క్రింద తేదీ. అందులో మతభేదం లేదు, ఆ విషయంలో మాత్రం అందరూ సమానంగానే పాల్గొన్నారు. 1958 నాటి పురాతన కట్టడాల చట్టం ప్రకారం రక్షిత కట్టడాన్ని పాడుచేయడం నేరం. 2010 సవరణ తరువాత అందుకు రెండేండ్ల దాకా ఖైదు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. చట్టానికి భయపడి మానినా మంచిదే. గచ్చుపూవు ఒకటి రాలితే తిరిగి అతికించే పనివాడు నేడు దొరకడం కష్టం. సున్నాన్ని నెలల తరబడి నానవేసి, నూరి, పొర మీద పొర పట్టించే విద్య అది. కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. విహారయాత్రకు బస్సు ఏర్పాటు చేసినప్పుడు దానితోపాటు ఒక చరిత్ర ఉపాధ్యాయుణ్ణి, ఒక తెలుగు ఉపాధ్యాయుణ్ణి, ఒక ఉర్దూ ఉపాధ్యాయుణ్ణి వెంట పంపండి. నలభైమంది విద్యార్థులకు ఒక్క వంటవాడు, ఇద్దరు క్రికెట్ కెప్టెనులు చాలరు.

వెళ్ళేవారికి చివరగా కొన్ని సూచనలు. పులివెందుల నుంచి వచ్చేవారు ముద్దనూరు మీదుగా, ప్రొద్దుటూరు నుంచి వచ్చేవారు నేరుగా జమ్మలమడుగు చేరి, అక్కడి నుంచి కొండదారి పట్టాలి. ప్రొద్దుటూరు విద్యార్థులకు వీలుంటే మరొక రోజున ఎర్రగుంట్ల ప్రక్కనున్న కలమళ్ళకు కూడా పోవాలి. రేనాటి చోళరాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుని శాసనం ఆ ఊరిది. సుమారు 575 నాటిదైన ఆ రాతిమీదనే తెలుగు మొదటిసారి వాక్యమై కనబడింది. గండికోటకు మాత్రం ఉదయమే చేరండి. ప్రొద్దుటి ఎండలో గోపురం బొమ్మలు విడివిడిగా తెలుస్తాయి. ఎండ ముదిరేవేళకు ధాన్యాగారంలోకి, ఆ తరువాత మసీదు కమానుల నీడలోకి వెళ్ళి, చూచినదానిని నోటుపుస్తకంలో వ్రాసుకోండి. చెప్పులు రెండుచోట్లా విడవండి, గుడిలో మూర్తి లేకపోయినా, మసీదులో నమాజు లేకపోయినా. లోయను సాయంకాలానికి అట్టిపెట్టుకోండి. ఎర్రరాతిమీద పడమటి ఎండ పడినప్పుడు దాని అందం రెట్టింపవుతుంది. ఐతే అంచున గోడ లేదు. చిత్రాలు తీసుకొనే తొందరలో వెనుకకు అడుగు వేయకండి. దిగివచ్చేటప్పుడు మైలవరం ఆనకట్ట దగ్గర బస్సు ఆపించుకొంటే, ప్రొద్దుటినుంచి లోయ అడుగున చూచిన పెన్ననీరు అక్కడ చేతికి అందుతుంది.